తక్కువ దూరం, ఎక్కువ సేపు: తలకోనలో ఒక రోజు



తిరుపతి, కడప, మదనపల్లె చుట్టుపక్కల తలకోన పేరు వినని ఇల్లుండదు. బడిపిల్లల విహారయాత్ర అక్కడికే, కొత్తగా పెళ్లయిన జంట అక్కడికే, శివరాత్రి జాగారానికి అక్కడికే. సినిమావాళ్లూ ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. ఆదివారం పొద్దున బయల్దేరడం, జలపాతం దగ్గర గంటసేపు తడవడం, చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్నది తినడం, చీకటి పడేలోపు ఇల్లు చేరడం, మనలో చాలామందికి తెలిసిన తలకోన ఇదే. అందులో తప్పేమీ లేదు. నేనీరోజు చెప్పబోయేది మాత్రం ఇంకో తలకోన సంగతి. పనిదినం చూసుకుని, ఒక్కరే వెళ్లి, పొద్దుటినుంచి మధ్యాహ్నం మూడింటి దాకా ఆ కాస్త దారినే నిదానంగా నడిచేవాళ్లకు కనబడే తలకోన అది.

ఒంటరి నడక అనగానే వీపున పెద్ద సంచీ, దట్టమైన అడవి, మనిషి జాడ లేని లోయ గుర్తుకొస్తాయి. ఈమధ్య కుర్రవాళ్లలో ఆ సరదా పెరిగింది. శేషాచలం కొండలు ఆ రకం సాహసానికి తగిన చోటు కాదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. నేను నమ్మి చెప్పేది ఒక్కటే: తక్కువ దూరం నడవండి, ఎక్కువ సేపు ఉండండి. జలపాతాన్ని ఒక్కరే చూడడంలో ఉన్న లాభమంతా ఆ ఎక్కువ సేపులోనే ఉంది.

తిరుపతినుంచి తలకోన 50 కిలోమీటర్ల పైచిలుకు. చంద్రగిరి, రంగంపేట దాటి, భాకరాపేట ఘాటు ఎక్కి దిగి, నెరబైలు మీదుగా వెళ్లాలి. నెరబైలు దాటాక పొలాలు తగ్గుతాయి, మామిడితోటలు తగ్గుతాయి, రోడ్డుకు రెండువైపులా అడవి దగ్గరికి వస్తుంది. ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. 1989లో ఏర్పడింది. విస్తీర్ణం 350 చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. దీన్ని కలుపుకునే 2010లో శేషాచలం జీవావరణ రిజర్వును ప్రకటించారు, అది మన రాష్ట్రంలో మొదటిది. తిరుమల కొండలూ తలకోనా వేరువేరు చోట్లని మనం అనుకుంటాం గాని, అటు ఏడుకొండలూ ఇటు ఈ కోనా ఒకే కొండల వరుస, ఒకే అడవి. ఆ సంగతి మనసులో పెట్టుకుని నడిస్తే చూసేదంతా వేరే తీరుగా అర్థమవుతుంది.

సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దిగి దణ్ణం పెట్టుకుని నడక మొదలుపెట్టవచ్చు. గుడినుంచి జలపాతం దాకా మామూలు నడకకు గంట కూడా పట్టదు. ఆ దూరానికి నేను ఒక పూట కేటాయించమంటాను.

రేడియోలో మాట్లాడుతున్నాను గనక ముందు చెవికి సంబంధించిన మాట చెబుతాను. గుడి దాటి చెట్లలోకి అడుగుపెట్టగానే మొదట వినబడేది పక్కన పారే ఏరు. రాళ్ల సందుల్లో పడుతూ లేస్తూ గలగలమంటుంది. నడిచేకొద్దీ ఆ గలగల అడుగున ఇంకో చప్పుడు పుడుతుంది, తగ్గు స్థాయిలో, విరామం లేకుండా. అదీ జలపాతం. దారి ఒక పెద్ద బండ చాటుకు తిరిగినప్పుడు ఆ రెండో చప్పుడు టక్కున తెగిపోతుంది. పది అడుగులు వేస్తే మళ్లీ అందుకుంటుంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. మాట్లాడుకుంటూ పోయే గుంపుకు ఇదేమీ తెలియదు. ఒక్కరే నడిచే మనిషికి కొండ ఏ వైపు వంగిందో, నీళ్లు ఎక్కడ పడుతున్నాయో కళ్లతో చూడకముందే లెక్క తెలుస్తుంది. పిట్టల కూతలూ అంతే. బండల మీద పొదల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలో రాతికొండలున్న కొన్ని చోట్ల తప్ప ఇంకెక్కడా కనబడని పిట్ట అది. చూడడం కష్టం, వినడం సులువు, మనం నోరు మూసుకుంటే.

ఇక కాళ్ల కింద. ఈ దారిలో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగేది బండల దగ్గరే. ఆ రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు క్వార్ట్‌జైట్ అంటారు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక అది. పైన పొర మీద పొర బరువు పడి, వేడికి, ఒత్తిడికి గట్టిపడి రాయయింది. కొన్ని పలకల మీద వరసగా అలల గీతలు కనిపిస్తాయి. మైపాడు తీరంలోనో రామాపురం తీరంలోనో అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే గీతలే ఇవి. వంగి వేలితో తడిమి చూడండి. గీతకు ఒకవైపు వాలు మెల్లగా ఉండి రెండోవైపు నిటారుగా తగిలిందంటే, ఆ నిటారు వైపుకే ఆనాడు నీళ్లు పారాయని అర్థం. 150 కోట్ల ఏళ్లకు పైబడిన సంగతి అది. చెట్టూ చేమా లేని, చేపా పిట్టా లేని కాలంలో ఒక తీరాన నీళ్లు ఎటు కదిలాయో ఈరోజు తలకోన దారిలో మన వేలి కొసకు తెలుస్తుంది. తిరుమల ఘాటురోడ్డులో ఇదే రాయి, దానికన్నా ఎంతో పాతదైన గ్రానైటు మీద కూర్చుని ఉన్న చోటు ఒకటుంది. ఆ రెండింటి నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని లెక్క. భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. రోజూ వేలమంది ఆ పక్కనుంచే బస్సులో కొండకు పోతారు.

ఈ రాతి కథ చెప్పకుండా జలపాతం కథ చెప్పలేం. ఆ రాయి ఎంత గట్టిదంటే, నీళ్లు దాన్ని సులువుగా అరగదీయలేవు. కాని దానిలో నిలువునా, అడ్డంగా పగుళ్లుంటాయి. ఆశ్వయుజం, కార్తికం, మార్గశిరం నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు ఈ కొండల మీద పడతాయి. కొంత నీరు పైపైన పారి పోతుంది. మిగతాది ఆకు మన్నులో ఇంకి, వేళ్ల వెంట దిగి, ఆ పగుళ్లలోకి చేరుతుంది. కింద నీటిని పోనివ్వని పొర తగిలిన చోట పక్కకు మళ్లి, కొండ అంచున ఊటగా బయటికి వస్తుంది. అలాంటి ఊటలన్నీ కలిసి వంక, వంకలు కలిసి ఏరు. చైత్ర వైశాఖాల్లో చుట్టుపక్కల బావులు అడుగంటినప్పుడు కూడా తలకోనలో సన్నటి ధారైనా ఉంటుందంటే, అది ఆనాటి వాన కాదు, ఎప్పటి వానో. కొండ దాన్ని దాచిపెట్టి కొంచెం కొంచెంగా వదులుతోంది.

దాచిపెట్టేది కొండ ఒక్కటే కాదు. అడవి కూడా. అందుకే దారిపక్క చెట్లను పేరు పేరునా పలకరించమంటాను. ఏటి ఒడ్డున తెల్లమద్దులు, నేరేళ్లు, మాన్లుగా ఎదిగిన అడవిమామిళ్లు. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా నీడే. ఏటికి దూరంగా, రాతివాలు మీద ఎండకు ఎండే చోట ఎర్రచందనం. ఈ చెట్టు లోకం మొత్తం మీద మన తూర్పుకనుమల దక్షిణపు కొసలో, ఈ కాసిన్ని జిల్లాల కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. ముతకగా పలకలు పగిలినట్టుండే నల్లటి బెరడు, గుండ్రటి ఆకులు, చూడ్డానికి చాలా మామూలు చెట్టు. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది, నరకడానికి నిమిషాలు చాలు. ఆ చెట్టును మనం ఎప్పుడూ కిలో ధరల్లో, పట్టుబడిన దుంగల లెక్కల్లో వింటాం. నాకు దాని విలువ ఇంకోచోట కనిపిస్తుంది. మట్టి నిలవని రాతివాలు మీద వేళ్లు దిగేసి, పడ్డ వానను పట్టి ఉంచే చెట్లలో అదొకటి. పైన వాలు బోడిదయితే కింద జలపాతం వానాకాలంలో బురదగా ఉరుకుతుంది, వేసవిలో ఎండిపోతుంది.

పేరిత అనే ఇంకో మొక్కనూ గుర్తుపట్టండి. చిన్నపాటి ఈతచెట్టనుకుని చాలామంది దాటిపోతారు. అది ఈత కుటుంబానిది కాదు. రాక్షసబల్లుల కాలంనుంచి వస్తున్న సైకస్ జాతిది. ఈ రకం తిరుపతి, కడప కొండల్లో తప్ప మరెక్కడా లేదు. 19వ శతాబ్దంలో మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ పేరు దాని శాస్త్రనామంలో చేరింది. ఆ బెడ్డోమే ఈ తూర్పుకనుమల బంగారు బల్లిని కూడా 1870లో మొదటిసారి లోకానికి వర్ణించి చెప్పాడు. ఆ తర్వాత అది చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1980లలో మళ్లీ తిరుమల కొండల్లో కనిపించింది.

ఆ బల్లి సంగతి కాస్త చెప్పాలి. అది చల్లగా, తేమగా ఉండే బండల నెర్రెల్లో బతుకుతుంది. జలపాతానికి దగ్గరపడ్డాక, కొండ మనమీదికి వంగినట్టుండే చోట, లోపలి కప్పును చూడండి. చెయ్యి పెట్టకండి, చూడండి చాలు. అదృష్టం బాగుంటే రాతికి అతుక్కున్న తెల్లటి గుండ్రటి గుడ్లు కనిపిస్తాయి. ఒకదాని పక్కన ఒకటి, గుత్తులు గుత్తులుగా. ఒక బల్లి పెట్టినవి కావవి. చాలా బల్లులు ఒకేచోట పెడతాయి. కొన్ని పిల్లలు వెళ్లిపోయి ఖాళీ అయిన పెంకులు, కొన్ని నిండువి. ఏళ్ల తరబడి అదే బండను వాడుకుంటాయి. జత కట్టే కాలంలో మగబల్లి ఒళ్లు పసుపు బంగారు రంగుకు తిరుగుతుంది, మిగతా రోజుల్లో రాతిలో కలిసిపోతుంది. నేను చూసినప్పుడు అది తల మాత్రమే నెర్రెలోంచి బయటపెట్టి ఉంది. కన్నార్పదు, కదలదు. నేను కదిలితే పోతుందని నేనూ కదల్లేదు. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. వెనకాల ఎవరైనా తొందరపెట్టేవాళ్లుంటే ఆ చూపు నాకు దక్కేది కాదు.

దారిలో తలెత్తి చూడాల్సింది గిల్లతీగ. మన తొడంత లావున, మెలికలు తిరిగి, ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు, అక్కడినుంచి ఇంకో చెట్టుకు పాకిపోతుంది. మొదలెక్కడో కొసెక్కడో పట్టుకోవడం కష్టం. దాని కాయ మూరెడు దాటి పెరుగుతుంది. లోపల నున్నటి గోధుమరంగు గింజలు. చిక్కుడు కుటుంబానికి చెందిందే, అంత పెద్దదంటే నమ్మబుద్ధి కాదు. ఆ కొమ్మల మీదే బెట్టుడుతలు తిరుగుతాయి, ఎర్రటి వీపు, పొడవాటి తోక. రాత్రిపూట దేవాంగపిల్లి తిరిగే అడవి ఇది. పగలు మనకు అది కనబడదు. కోతులు మాత్రం తప్పకుండా కనబడతాయి, చేతిలో సంచీ ఉంటే వెతుక్కుంటూ వస్తాయి. ప్లాస్టిక్ కవరు చప్పుడుకు వాటి చెవులు అలవాటుపడ్డాయి. మనమే అలవాటు చేశాం. చిత్రాన్నమో పెరుగన్నమో స్టీలు డబ్బాలో పెట్టుకుని, గుడి దగ్గర తిరిగొచ్చాక తినడం అన్నిటికన్నా మంచిది. కవర్లూ సీసాలూ ఏటిలో పడితే ఏ జంతువు కడుపులోకి పోతాయో మనం చూడం కూడా.

ఇక జలపాతం. ఎత్తు 270 అడుగులు. మన రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయినదిగా చెబుతారు. కింద నిలబడి తలెత్తితే ఎరుపూ బూడిద రంగూ కలిసిన నిట్రబండ, దాని నెత్తిన చెట్ల అంచు, ఆ అంచునుంచి నీళ్లు. ఒకే ధారను కంటితో పట్టుకుని పైనుంచి కింది దాకా వెంట వచ్చి చూడండి. పైన అది తెల్లటి తాడు. సగం దూరం వచ్చేసరికి గాలికి విడిపోయి పోగులు పోగులవుతుంది. కింద చేరేసరికి కొంత తుంపర. ఎదురుబండ మీద నాచు, ఫెర్న్ మొక్కలు ఆ తుంపర తాగే బతుకుతున్నాయి. గాలి మళ్లినప్పుడల్లా అది వచ్చి మన ముఖాన కొడుతుంది. ఆ బండ ఎందుకంత నిటారుగా ఉందో ఇప్పుడు తెలుస్తుంది. రాయి అరిగి వాలుగా మారలేదు, నిలువు పగుళ్ల వెంట పెళ్లలు పెళ్లలుగా ఊడి పడింది. ఊడిపడ్డ ఆ పెళ్లలే మన చుట్టూ ఉన్న గుండ్లు.

ఆ గుండ్లే మడుగు అడుగునా ఉన్నాయి. దయచేసి ఈ మాట కాస్త మనసు పెట్టి వినండి. పైనుంచి చూస్తే నీలంగా, నిలకడగా కనిపించే మడుగులో ఒకచోట మోకాలి లోతు, అడుగు పక్కన మనిషి మునిగే లోతు. మధ్యలో కంటికి కనబడని బండ. తలకోనలోనూ, మన కొండల్లోని ఇతర జలపాతాల దగ్గరా, విదేశాలకు చదువుకోడానికి వెళ్లిన చోటా మన పిల్లలు మడుగుల్లో పోయిన వార్తలు వినీ వినీ గుండె బరువెక్కింది. ఈత వచ్చినవాళ్లూ పోయారు. ఈత రావడానికీ, బండకు తల తగలకపోవడానికీ సంబంధం లేదు. ధారకు సరిగ్గా కింద నిలబడడం కూడా నేను ఒప్పుకోను. 270 అడుగుల ఎత్తునుంచి ఒక రాయి ఎక్కడా తగలకుండా జారితే నాలుగు సెకన్లలో కింద ఉంటుంది, అప్పటికి దాని వేగం గంటకు 140 కిలోమీటర్లు. గోలీకాయంత రాయి చాలు. ఒక్కరే వచ్చినప్పుడు నీళ్లలో దిగకండి. ఒడ్డున కూర్చుని కాళ్లు పెట్టండి, తుంపరలో తడవండి, అంతే.

పైన ఎక్కడో వాన పడితే మనకు తెలియకుండానే ఏరు పొంగుతుంది. 2021 నవంబరులో ఈ కొండలు కురిసిన వానను ఎలా దించాయో తిరుపతివాళ్లు మర్చిపోరు. ఎప్పుడూ భక్తులు స్నానం చేసే కపిలతీర్థం ఆరోజు దగ్గరికి పోలేని వరదయింది. తలకోనలో తేటగా పారే నీళ్లు బురద రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు ఒక్కసారిగా బరువెక్కినా, ఆలోచించకుండా గట్టెక్కి వెనక్కి వచ్చేయండి. ఆకాశం మనమీద నీలంగానే ఉండవచ్చు.

లోపలికి ఒంటరిగా ఎందుకు పోవద్దంటానో చెబుతానన్నాను. ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపునుంచి మన అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. శేషాచలంలోనూ తిరుగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు ఈ కొండల్లోనే అడవిదారిన నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. 2023లో అలిపిరి మెట్లదారిలో చిరుత పసిపిల్లను పొట్టన పెట్టుకుంది. ఎలుగుబంట్లున్నాయి. ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. అది వాటి ఇల్లు, వాటి దారులు వాటికున్నాయి. జలపాతం పైకి, కోన లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి తీసుకుని, అక్కడి ఊళ్లవాళ్లను తోడు పెట్టుకుని పోవాలి. ఏ పేడ ఎన్నాళ్లదో, ఏ కొమ్మ ఏ జంతువు విరిచిందో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. ఒంటరి నడక అందరూ నడిచే దారికే పరిమితం. ఆ దారిలోనే రోజుకు సరిపడా ఉందని ఇంతసేపూ చెబుతూ వచ్చాను.

కొండల్లోని నీళ్ల దగ్గరికి ఒక్క రోజు నడిచి వెళ్లిరావడం మనకు కొత్త కాదు. తిరుమల అడవిలో పుష్య పున్నమికి రామకృష్ణ తీర్థం, మాఘ పున్నమికి కుమారధార, ఫాల్గుణ పున్నమికి తుంబురు తీర్థం ముక్కోటి జరుగుతాయి. ముసలివాళ్లు కూడా కర్ర పట్టుకుని, రాళ్లూ వంకలూ దాటుకుని, పొద్దున పోయి పొద్దుగూకేలోపు తిరిగివస్తారు. తుంబురు దారిలో ఒక పెద్దాయన నాతో అన్నమాట నాకు బాగా నచ్చింది. "ఆడికి పోయి ఏం జేసొచ్చినావని అడుగుతారు నాయనా. ఏం జెయ్యలా, కూసోని వచ్చినా అంటా," అన్నాడు. అక్కడ వేలమంది మధ్య ఆయన కూర్చున్నట్టే, ఇక్కడ ఒక్కరే కూర్చోవచ్చు. జలపాతం ఎదురుగా మంచి బండ చూసుకుని, ఫోను సంచీలో పెట్టి, ఒక గంట. మొదటి పావుగంట ఇబ్బందిగానే ఉంటుంది. ఏం చెయ్యాలో తోచదు. తర్వాత నీళ్లలో తేడాలు తెలియడం మొదలవుతుంది. ధార ఒకే తీరుగా పడదు. గాలికి, పైన మడుగు నిండే తీరుకు, ఊపిరి పీల్చి వదిలినట్టు కాసేపు చిక్కబడి కాసేపు పలచబడుతుంది. ఆ పలచబడిన క్షణంలో వెనక బండ మీద నల్లటి తేమ చారలు బయటపడతాయి. ఇన్నేళ్లూ ఫోటోల్లో తలకోనను చూసినవాళ్లెవరూ ఆ చారలను చూసి ఉండరనిపిస్తుంది నాకు.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. కార్తిక సోమవారాలు, శివరాత్రి, ఆదివారాలు వద్దు, గుడి దగ్గర జనం. కార్తికం గడిచి, పెద్ద వానలు వెనకబట్టాక, మార్గశిరం, పుష్యం నెలల్లో మామూలు పనిదినం మంచిది. నీళ్లు నిండుగానూ ఉంటాయి, తేటగానూ ఉంటాయి. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో ఇల్లు కదలకండి. అడవిలో ఫోను పనిచేస్తుందని నమ్ముకోవద్దు. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగి గుడి దగ్గర ఉంటారో ఇంట్లో ఒకరికి చెప్పండి. అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర ఉన్నవాళ్లతో, ఒక్కణ్ణే వచ్చాననో ఒక్కదాన్నే వచ్చాననో ఒక మాట అనండి, ఆరోజు దారి ఎలా ఉందో వాళ్లే చెబుతారు. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లవచ్చా అని అడుగుతుంటారు. పనిదినాల్లో దారి మరీ నిర్మానుష్యంగా ఉంటే, గుడి దగ్గర ఆగి ఏదైనా కుటుంబం నడక మొదలుపెట్టేదాకా చూసి, వాళ్లకు కాస్త వెనగ్గా నడవడం నాకు తెలిసినవాళ్లు చేసే పని. నడక వాళ్లదే, తోడు కనుచూపు మేరలో ఉంటుంది. పాచి పట్టిన రాయి మీద చెప్పులు నిలవవు, అడుగున పట్టున్న బూట్లు వేసుకోండి. లీటరు సీసాలు రెండు, చేతికర్ర, ఒక ఈల, దెబ్బ తగిలితే కట్టుకోడానికి గుడ్డ, చాలు. బస్సులు తక్కువ గనక తిరుగు బస్సు వేళ పొద్దున్నే కనుక్కోండి. మూడింటికి జలపాతం దగ్గరనుంచి లేవండి, ఇంకా చూడాలనిపిస్తున్నా సరే. కోనలో పొద్దు బయటకన్నా ముందే వాలుతుంది, కొండ నీడ నాలుగింటికే దారిని కమ్ముతుంది, ఆ తర్వాతి వేళ జంతువులు నీళ్లకు వచ్చే వేళ.